సీసాలో నురగ, నంద్యాల ఎండ

ఈ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసివ్వమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, బీరు సీసా గురించి రాస్తానన్నాను. ముందు నవ్వారు, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాఠకులు కంగారు పడనక్కర్లేదు. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు, మానమని చెప్పే వ్యాసమూ కాదు. మూత బిగించిన సీసాలో ప్రాణమున్న ఈస్ట్ ఉండి, ఆ సీసా మన నంద్యాల ఎండ వంటి ఎండలో ఉంటే ఏమౌతుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిసి ఒక్క సీసాలో దొరికే పాఠం నాకు ఇంతవరకు ఇంకొకటి కనపడలేదు.

ఈ ప్రశ్న నా బుర్రలో పుట్టింది కాదు. నా దగ్గర చదువుకున్న ఆళ్ళగడ్డ అబ్బాయి ఒకడు ఇప్పుడు అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఖాళీ వేళల్లో ఇంట్లోనే బీరు కాచుకునే అలవాటు పట్టుకుంది. అక్కడ అది తప్పు కాదు. 1978లో చేసిన చట్టం ప్రకారం, ఒక్కరే పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు సొంతానికి చేసుకోవచ్చు. ఇంగ్లండులో 1963లోనే లైసెన్సు ఎత్తేశారు. ఆ అబ్బాయి మొన్న వేసవిలో నాకొక సందేశం పంపాడు. ‘‘సార్, గ్యారేజీలో ఇరవై నాలుగు సీసాలు పెట్టింటే ఐదు పేలిపోయినాయి. గాజుపెంకు ఒకటి గోడ అట్టలో దిగబడింది. మిగతా వాటిని ముట్టాలంటే భయమైతాంది. తప్పు చక్కెరదా, ఎండదా?’’ ఆ రోజు గ్యారేజీలో పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది. గోడలో దిగిన పెంకు కంట్లో దిగితే, అది చక్కెర తప్పా ఎండ తప్పా అని అడగడానికి ఎవరికీ మనసొప్పదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం. హాస్టలు గదిలో మంచం కింద ప్రయోగం చేసి చూద్దామనుకునే మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివి ముందుకు సాగాలి.

అసలు విషయానికి గోలీసోడా నుంచి వస్తే సుళువు. ఆ సీసాను 1870ల్లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన తయారుచేశాడు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి, మెడ దగ్గరున్న రబ్బరు వాషరుకు అదిమి మూత వేస్తుంది. మూత తీయాలంటే గ్యాసును ఓడించాలి, అందుకే బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కుతాం. ఎండాకాలంలో సోడాబండి వాళ్ళు సీసాల మీద తడిగోనె కప్పుతారు. అది చల్లదనం కోసమే అనుకుంటాం గానీ, సీసా పగలకుండా ఉండడానికి కూడా. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో కరిగిన బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డై ఆక్సైడు, లోపల ఉండలేక పైకొస్తుంది. పైన ఉన్నది రెండంగుళాల జాగా. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. అయితే సోడాలో ఒక భరోసా ఉంది. సిలిండరు నుంచి ఎక్కించిన గ్యాసు ఎంతో అంతే, సీసాలో కొత్తగా పుట్టేదేమీ లేదు.

కల్లు సంగతి దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి. ఈతచెట్టు నుంచి దిగే తీపినీళ్ళలో నూటికి పది, పన్నెండు పాళ్ళు చక్కెర ఉంటుంది. కుండ చెట్టు మీద ఉండగానే గాలిలోని, కుండ గోడల్లోని ఈస్టులు, బాక్టీరియాలు పని మొదలుపెడతాయి. కుండ లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది, అప్పుడు దిగేది నీరా. సున్నం లేకపోతే తెల్లారి దించింది మధ్యాహ్నానికి పొంగుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. కల్లు సీసాకు బిరడా బిగించే పిచ్చివాడు మా వైపు ఎవడూ లేడు. మూతిలో ఇంత పీచో ఆకో కుక్కి వదిలేస్తారు, గ్యాసు దారి గ్యాసు చూసుకుంటుంది. లెక్క కడితే ఆ పీచు విలువ తెలుస్తుంది. ఒక గ్రాము చక్కెరను ఈస్ట్ తింటే దాదాపు అర గ్రాము ఆల్కహాలు, అర గ్రాము బొగ్గుపులుసు గాలి వస్తాయి. ఆ అర గ్రాము గాలి పావు లీటరు చోటు ఆక్రమిస్తుంది. లీటరు కల్లులో 100 గ్రాముల చక్కెర ఉందనుకుంటే, పూర్తిగా పులిసేసరికి పాతిక లీటర్ల పైచిలుకు గ్యాసు. దాన్ని బంధించే గాజుసీసా లేదు.

బీరు ఈ రెంటికీ మధ్యలోది. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెడితే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. మన రాగిమాల్టులోని మాల్టు ఇదే. ఆ తీపినీళ్ళను హాప్స్ అనే చేదుపూలతో మరగబెట్టి, చల్లార్చి, ఈస్ట్ వేసి వారం పది రోజులు వదిలేస్తారు. ఈస్ట్ తినగలిగిన చక్కెరంతా తినేస్తుంది, గ్యాసంతా బయటికి పోతుంది. చివరికి మిగిలేది చప్పిడి బీరు, నురగ లేదు, గుటకలో చురుకు లేదు. ఫ్యాక్టరీలో అయితే దాన్ని వడగట్టి, సోడాకు ఎక్కించినట్టే గ్యాసు ఎక్కించి, మూత వేశాక చాలాచోట్ల 60 డిగ్రీల వేడి చూపించి మిగిలిన సూక్ష్మజీవుల్ని చంపేస్తారు. అంచేత షాపులో దొరికే మామూలు బీరు సీసాలో ప్రాణం ఉండదు. ఇంట్లో చేసేవాళ్ళకు ఆ యంత్రాలుండవు. వాళ్ళు చప్పిడి బీరులో కొలిచిన చక్కెర కొంచెం కలిపి, సీసాల్లో పోసి, మూత బిగిస్తారు. బీరు తేరుకున్నా అందులో కంటికి కనపడని ఈస్ట్ కోట్లకొద్దీ ఉంటుంది. ఆ చక్కెరను అది తింటుంది, పుట్టిన గ్యాసుకు దారి లేక బీరులోనే కరుగుతుంది. బనగానపల్లె మామిడికాయల్ని గడ్డిలో మాగేసినట్టు ఇదీ సీసాలో మాగబెట్టడమే. తెలుగులో దీనికి వేరే పేరు నేను వినలేదు, ఈ వ్యాసానికి ఇది చాలు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. వేడి ఎక్కువైతే గ్యాసు ఎక్కువ పుడుతుందనుకుంటారు. అది తప్పు. ఎంత గ్యాసు పుట్టాలన్నది చక్కెర చేతిలో ఉంది. ఎంత త్వరగా పుట్టాలన్నది వేడి చేతిలో ఉంది. పుట్టిన గ్యాసు గాజును ఎంత గట్టిగా నెట్టాలన్నది మాత్రం ఇద్దరి చేతిలోనూ ఉంది. డల్లాస్ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఈ మూడు వాక్యాల్లోనే ఉంది గానీ, అంకెలు చూస్తే తప్ప ఇది ఒంటబట్టదు.

బీరులో గ్యాసును ‘పాళ్ళ’ లెక్కన కొలుస్తారు. లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉంటే రెండున్నర పాళ్ళు. మామూలు బీరుకు అది సరిపోతుంది. పులిసిన బీరులో ఎలాగూ కొంత గ్యాసు మిగిలి ఉంటుంది, అది ఎంతన్నది వేడిని బట్టి. సున్న డిగ్రీల దగ్గర 1.7 పాళ్ళు, 10 దగ్గర 1.2, 20 దగ్గర 0.87, 30 దగ్గర 0.66, 40 దగ్గర 0.53. ఈ అయిదు అంకెల్ని గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా మనమే కట్టుకోవచ్చు.

ఉదాహరణకు నంద్యాలలో చలికాలంలో గది 28 డిగ్రీలు ఉందనుకోండి. బీరులో అప్పటికే 0.7 పాళ్ళు ఉంటుంది. మనకు 2.4 కావాలంటే ఇంకో 1.7 పుట్టాలి. గ్రాము చక్కెరకు 0.26 లీటరు చొప్పున లీటరుకు ఆరున్నర గ్రాములు. మన దేశంలో పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు, కాబట్టి సీసాకు నాలుగు గ్రాముల పైచిలుకు, అంటే టీచెంచాడు. చెంచా మీద గోపురం లేకుండా, తలగొట్టి. చలిదేశాల పుస్తకాల్లో ఇంతకన్నా తక్కువ రాసి ఉంటుంది, ఎందుకంటే అక్కడి బీరులో ముందే ఎక్కువ గ్యాసు కరిగి ఉంటుంది. ఇక్కడ ఇంకో మెలిక. పులిసిన తర్వాత బీరు ఎంత వేడి దాకా వెళ్ళిందో ఆ అంకెను లెక్కలో వేసుకోవాలి గానీ, సీసాలో పోసేనాటి అంకెను కాదు. 28 దగ్గర పులిసిన బీరును ఫ్రిజ్జులో 5 డిగ్రీలకు చల్లబరిస్తే, పోయిన గ్యాసు తిరిగి రాదు.

ఇప్పుడు ఒత్తిడి. రెండున్నర పాళ్ళ గ్యాసున్న సీసా 4 డిగ్రీల దగ్గర చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడితో నెడుతుంది. 20 దగ్గర అది 30 పౌండ్ల దరిదాపుల్లోకి వస్తుంది, మన కారు టైరులో కొట్టే గాలి అంత. 40 దగ్గర 55. అదే సీసా, అదే బీరు, అదే చక్కెర. ఒక్క గ్రాము గ్యాసు కూడా కొత్తగా పుట్టకుండానే ఒత్తిడి ఐదింతలు దాటింది. మంచి సీసా దీన్ని భరిస్తుంది. ఇప్పుడు చెంచాకు బదులు రెండు చెంచాలు పడిందనుకోండి. గ్యాసు నాలుగు పాళ్ళు దాటుతుంది. 20 డిగ్రీల గదిలో అది 50, 60 పౌండ్లతో గుట్టుగా కూర్చుని ఉండొచ్చు. 40 డిగ్రీల గ్యారేజీలో 90 దాటుతుంది. ఎన్నోసార్లు తిరిగి వాడిన సీసా, ఒంటి మీద గీతలున్న సీసా, అడుగున చిన్న బీట ఉన్న సీసా అక్కడ లొంగిపోతుంది. ఇరవై నాలుగింట్లో ఐదే ఎందుకు పేలాయంటే, ఆ ఐదూ బలహీనమైనవి కాబట్టి. మిగతా పంతొమ్మిదీ మంచివని కాదు, వాటి వంతు ఇంకా రాలేదని.

చక్కెర కొలిచే వేసినా పేలుతున్నాయంటే ఇంకో రెండు కారణాలు వెతకాలి. ఒకటి, బీరు పూర్తిగా పులియకముందే సీసాలో పోయడం. చలికి ఈస్ట్ నిద్రపోయి ఉంటుంది, పని అయిపోయిందని మనం అనుకుంటాం. ఎండలు ముదరగానే అది లేచి, మిగిలిన చక్కెర మీద పడుతుంది. రెండోది, కోరని చుట్టం. మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన డెక్స్ట్రిన్లను తినగలిగే అడవి ఈస్టులు, బాక్టీరియాలు ఉన్నాయి. కడగని గొట్టంలో నుంచో, సీసా అడుగున ఎండిపోయిన మడ్డిలో నుంచో అవి చేరతాయి. పాశ్చర్ 1876లో బీరు మీద పెద్ద పుస్తకం రాసింది ఈ చుట్టాల గురించే. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ 1883లో ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన జాతిని పెంచి చూపించిందీ వీటి బాధ పడలేకనే. ఈ చుట్టాలకు వెచ్చదనం అంటే మహా ఇష్టం. 20 డిగ్రీల దగ్గర ఆరు నెలల్లో చేసే పనిని 35 దగ్గర కొద్ది వారాల్లో ముగిస్తాయి.

షాంపేన్ ద్రాక్షసారా చేసే ఫ్రెంచివాళ్ళకు ఈ పాఠం రక్తంతో వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది మొదట్లో అక్కడి నేలమాళిగల్లో పనిచేసేవాళ్ళు ముఖానికి ఇనుప జాలీలు కట్టుకునేవాళ్ళు. వసంతంలో మాళిగ వెచ్చబడగానే ఒక సీసా పేలేది, దాని దెబ్బకు పక్కది, దాని దెబ్బకు ఇంకోటి. 1830ల్లో ఫ్రాన్స్వా అనే మందులషాపు ఆయన, సీసాలో పోసే ముందు సారాలో ఎంత చక్కెర మిగిలి ఉందో కొలిచే పద్ధతి చెప్పాడు. ఆ తర్వాతే సీసాలు పేలడం తగ్గుముఖం పట్టింది. అంతకుముందు తరతరాలుగా వాళ్ళు నిందించింది వాతావరణాన్ని, చంద్రుణ్ణి, గాజు చేసేవాణ్ణి. చెంచాను ఎవరూ అనుమానించలేదు.

పేలుతున్న సీసాల విషయంలో చేయవలసింది కూడా ఇక్కడే చెప్పేయడం మంచిది. చేత్తో ఎత్తకూడదు, ఊపకూడదు, ఎండలోకి తీసుకుపోయి పారబోద్దామని అసలే అనుకోకూడదు. మందపాటి గోతాం తడిపి పైన కప్పి, గది చల్లబడేదాకా, వీలైతే తెల్లవారుజామున, ఆగాలి. కళ్ళద్దాలు, తోలు చేతితొడుగులు వేసుకుని, ఒక్కొక్కదాన్నే గుడ్డలో చుట్టి ఐసునీళ్ళలోకో ఫ్రిజ్జులోకో దించాలి. 4 డిగ్రీలకు దిగిన సీసా ఒత్తిడి 40 దగ్గర ఉన్నదాని కన్నా బాగా తగ్గుతుంది. అప్పుడు మూతను మెల్లిగా సడలించి గ్యాసు వదిలేయొచ్చు. ఇక ముందు నుంచీ భయం లేకుండా ఉండాలంటే, ఇంట్లో చేసేవాళ్ళు వాడే చిట్కా ఒకటి నాకు చాలా నచ్చింది. ఒక బీరును గాజుకు బదులు ప్లాస్టిక్ కూల్‌డ్రింకు సీసాలో పోస్తారు. రోజూ దాన్ని నొక్కి చూస్తే చాలు. మెత్తగా ఉంటే పని కాలేదు, రాయిలా గట్టిపడితే అయిపోయింది, అడుగు బయటికి ఉబ్బితే ప్రమాదం. లెక్కలు రానివాడికి కూడా వేలికొస తెలియజేస్తుంది.

ఇక వేగం సంగతి. పదేసి డిగ్రీలకు జీవరసాయన చర్యల వేగం సుమారుగా రెండింతలౌతుందని క్లాసులో చెప్పుకుంటాం. సీసాలో అది కళ్ళారా కనపడుతుంది. ‘ఏల్’ రకం ఈస్టుకు 18 నుంచి 24 డిగ్రీలు హాయి. 20 దగ్గర రెండు మూడు వారాల్లో సీసా మాగుతుంది. 28 దగ్గర వారం చాలు. 12 దగ్గర నెల పైన పట్టొచ్చు, ఇంకా కిందికి పోతే అది ముడుచుకుని అడుగున పడుకుంటుంది. 40 దాటితే అలసిపోతుంది, ఇంకా పైకి పోతే చస్తుంది, చచ్చి తన వాసనంతా బీరుకు అంటిస్తుంది. బెల్జియంలో డువెల్ బీరు చేసేవాళ్ళు సీసాల్ని ముందు 24 డిగ్రీల వెచ్చటి గదిలో రెండు వారాలు, ఆ తర్వాత చల్లటి మాళిగలో కొన్ని వారాలు ఉంచుతారు. ముందు వెచ్చదనం, తర్వాత చల్లదనం, ఆ వరస తిరగబడకూడదు. వెచ్చదనంలో గ్యాసు పుడుతుంది, చల్లదనంలో అది బీరులో ఇమిడి కుదుటపడుతుంది. గ్యాసు పుట్టిన మరుక్షణమే వేడిసీసా మూత తీస్తే అది బీరు కాదు, వాణంలాగా లేస్తుంది.

రుచి గురించి ఒక చర్చ ఉంది. వేడిలో పులిస్తే తలనొప్పి తెచ్చే ఘాటు ఆల్కహాళ్ళు పుడతాయంటారు. అది మొదటి పులుపు సంగతి, సీసా సంగతి కాదని నా అభిప్రాయం. లెక్క చూడండి. గ్రాము చక్కెర పులిస్తే అర కిలోజౌలుకు కాస్త పైన వేడి పుడుతుంది. మొదటి పులుపులో లీటరుకు 100 గ్రాములు తింటుంది, ఆ వేడంతా బయటికి పోకుండా ఆపితే బీరు 13 డిగ్రీలు పెరుగుతుంది. అందుకే పెద్ద తొట్ల చుట్టూ చల్లనీళ్ళు తిప్పుతారు. సీసాలో తినేది ఆరేడు గ్రాములు, పెరిగేది ఒక్క డిగ్రీ, అదీ వారం రెండు వారాల్లో. అంత చిన్న భోజనంతో ఈస్ట్ పెద్దగా పాడుచేసేదేమీ లేదు. వేడి పాడుచేసేది మరో దారిలో, మూత కింద మిగిలిన ఆక్సిజన్ చేత. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అదే. 32 డిగ్రీల దగ్గర 3 రోజులు, 22 దగ్గర 30 రోజులు, 3 దగ్గర 300 రోజులు, ఈ మూడూ బీరుకు ఒకేలాంటి ముసలితనం తెస్తాయని ఆ పరిశ్రమలో ఒక వాడుక లెక్క. అది ఉజ్జాయింపే అయినా, మన మే నెల ఒక్క వారంలో ఏం చేయగలదో తెలియడానికి చాలు.

ఇంగ్లీషు దొరలకు ఇది బాగానే తెలిసింది. ఐసు యంత్రాలు లేని రోజుల్లో వాళ్ళు బీరు ఫ్యాక్టరీల్ని మైదానాల్లో పెట్టలేదు, కొండలెక్కారు. 1855 ప్రాంతంలో సిమ్లా కొండల్లో కసౌలి దగ్గర ఎడ్వర్డ్ డయ్యర్ ఒకటి పెట్టాడు, 1860లో ఇప్పటి పాకిస్తాన్‌లోని మర్రీ కొండల్లో ఇంకోటి వెలిసింది, మన దక్షిణాదిన నీలగిరులు ఎక్కారు. ఈ ఎడ్వర్డ్ డయ్యర్ కొడుకే 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్. చరిత్ర చదివే మిత్రుల కోసం ఇది కొసరు. 1870ల్లో జర్మనీలో లిండే శీతల యంత్రం బీరు ఫ్యాక్టరీలోనే మొదట స్థిరపడింది. ఆ యంత్రం వచ్చాక గానీ బీరుకు కొండ దిగే ధైర్యం రాలేదు. ఇవాళ మన ఇంట్లో ఉన్న ఫ్రిజ్జు ఒక విధంగా ఆ వంశంలోదే.

యంత్రం లేకుండా నంద్యాలలో ఏమన్నా చేయవచ్చునా అన్నది నాకు సరదా ప్రశ్న. నల్లమల, ఎర్రమల మధ్య కుందూ లోయలో కూర్చున్న ఊరు మనది, నల్లరేగడి నేల. వేసవిలో వడగాలికి పెట్టింది పేరు. 2024 మే మొదటి వారంలో 46 డిగ్రీల దాకా పోయింది. ఆళ్ళగడ్డ దీనికి దక్షిణాన నలభై కిలోమీటర్లే, ఎండలో తేడా వెతకడం దండగ. అయితే మన ఎండకు ఒక గుణముంది, అది పొడి ఎండ. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ నూటికి ఇరవై ఉన్నప్పుడు, బాగా గాలాడే చోట తడిగుడ్డ 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. ఆచరణలో 27, 28 దగ్గర ఆగుతుంది. మన తాతల నాటి నీళ్ళకడవ అంత చల్లగా ఉండేది ఇందుకే. సీసాల్ని వెడల్పాటి తొట్టిలో మెడ దాకా నీళ్ళలో నిలబెట్టి, పైన గోనెపట్ట కప్పి, దాని కొసలు నీళ్ళలో వేలాడదీసి, గాలి తగిలే నీడలో ఉంచితే పధ్నాలుగు డిగ్రీలు ఊరికే తగ్గినట్టు. నీళ్ళకు ఇంకో మేలుంది. పగలు వేడెక్కడానికి, రాత్రి చల్లారడానికి తాత్సారం చేస్తాయి. ఈస్టుకు వేడి కన్నా వేడి మారడం చెడ్డది. ఆషాఢం వచ్చి గాలి తేమెక్కిందంటే మాత్రం ఈ గోనె విద్య సగం పనిచేయదు.

ఇంటి కప్పూ ముఖ్యమే. ఎర్రటి ఎండలో కాలిన కాంక్రీటు స్లాబు రాత్రి పది దాకా గదిలోకి వేడి చిమ్ముతూనే ఉంటుంది. మా పాత మట్టిమిద్దె అలా చేయదు. మందపాటి గోడ, పైన మూరెడు మట్టి, కింద నాపబండ. ఆ బండ మీద మధ్యాహ్నం వట్టి వీపు ఆనించి పడుకున్న సుఖం తెలిసినవాళ్ళకు వేరే వర్ణన అక్కర్లేదు.

ఇంకా లోతుకు పోదామంటే జొన్న పాతర ఉంది. నేలలో నిలువెత్తు దిగితే పగలూ రాత్రీ తేడా ఉండదు, ఇంకా దిగితే ఎండాకాలం చలికాలం తేడా కూడా దాదాపు చచ్చిపోతుంది. అక్కడి వేడి ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గర్లో నిలుస్తుంది. నంద్యాలకు అది 28, 29 డిగ్రీలు. మహానంది కోనేటి నీళ్ళు వైశాఖంలో చల్లగా, పుష్యమాసం తెల్లవారుజామున వెచ్చగా తగిలేదీ ఇందుకే. నీళ్ళు మారలేదు, మన ఒళ్ళు మారింది. పాతర మాట వచ్చింది కాబట్టి హెచ్చరిక. గింజలు ఊపిరి తీసుకుని వదిలిన బొగ్గుపులుసు గాలి పాతరలో అడుగున నిలుస్తుంది, గాలి కన్నా బరువు కాబట్టి. మూత తీసిన వెంటనే దిగిన మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెద్దవాళ్ళు ముందు దీపం దించి చూసేది ఉత్త ఆచారం కాదు. సీసాలో మనకు నురగనిచ్చే వాయువే అది.

ఈ సగటు సూత్రం ఒకటి పట్టుకుంటే కొన్ని ముచ్చట్లు విడిపోతాయి. షాంపేన్ ఊళ్ళలో సుద్దరాతి మాళిగలు ఏడాది పొడుగునా 10, 12 డిగ్రీలుంటాయి. అది రాతి మహిమ అనుకుంటారు. మనకూ రాతి మాళిగకు కొదవ లేదు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నాయి, 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. వాటిలోకి పోయినవాళ్ళు చొక్కా తడిసి బయటికొస్తారు. గుహ చల్లదనం గుహది కాదు, పైనున్న ఊరిది.

కాబట్టి నంద్యాలలో నేల ఇవ్వగలిగింది 28, నీళ్ళు ఆవిరై ఇవ్వగలిగింది 27. అంతకు కిందికి పోవాలంటే డబ్బిచ్చి కరెంటు కొనాలి, లేదా మార్గశిరం దాకా ఆగాలి. డిసెంబరు, జనవరిలో మన ఊళ్ళో పగలు 30, రాత్రి 17 మధ్య గది నడుస్తుంది. సగటు 24, బెల్జియం వాడు డబ్బు పెట్టి కట్టుకున్న వెచ్చటి గది అదే.

ఇంకో దారి కూడా ఉంది, ఊరిని మార్చలేకపోతే ఈస్టును మార్చడం. నార్వే పడమటి పల్లెల్లో రైతులు తరాలుగా ఇంట్లో దాచుకుంటూ వచ్చిన ఒక జాతి ఈస్ట్ ఉంది, ‘క్వైక్’ అంటారు. మన పెరుగుతోడు లాగే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయేది, కొయ్యచట్రాల మీద ఎండబెట్టి దాచేవాళ్ళు. ఈ మధ్య ఏళ్ళలో ప్రయోగశాలలు దాన్ని పరీక్షించి చూస్తే, 35, 40 డిగ్రీల దగ్గర కూడా చెడు వాసనలు లేకుండా చకచకా పనిచేస్తోంది. మంచు కురిసే దేశంలో మన ఆళ్ళగడ్డ వైశాఖానికి సరిపోయే జీవి ఎలా తయారైందా అని ఆశ్చర్యపోయాను. కారణం చాలా మామూలుది. ఆ రైతులు కాచిన తీపినీళ్ళు పూర్తిగా చల్లారేదాకా ఆగకుండా, గోరువెచ్చగా ఉండగానే ఈస్ట్ వేసేవాళ్ళు. ఆ వేడికి తట్టుకున్నదే మిగిలింది. అయినా ఆ ఈస్ట్ వేసినంత మాత్రాన 40 డిగ్రీల దగ్గర సీసా మీద పడే 55 పౌండ్లు 54 కావు. చెంచా తలగొట్టే కొలవాలి, సీసా గీతల్లేకుండానే ఉండాలి, గోనె తడిగానే ఉండాలి.